సూర్యుడి చుట్టూ వలయం సరిగ్గా 22 డిగ్రీల దగ్గరే ఎందుకు పడుతుంది?

సూర్యుడి చుట్టూ పెద్ద వలయం కనిపించిన రోజున ఫోన్లన్నీ ఆ ఫొటోలతో నిండిపోతాయి. గుడి కట్టింది కాబట్టి వాన పడుతుందని కొందరంటారు, ఏదో కీడుకు సూచన అని ఇంకొందరు భయపడతారు. సైన్సు తెలిసినవాళ్లు "పైన మేఘాల్లో మంచు స్ఫటికాలు ఉంటాయి, వెలుగు వాటిలోంచి వస్తూ 22 డిగ్రీలు వంగుతుంది, అందుకే వలయం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ మాట వినడానికి బాగానే ఉంటుంది గానీ అసలు చిక్కుముడి దాని వెనకే ఉండిపోతుంది. ఎందుకంటే మంచు స్ఫటికం వెలుగును 22 డిగ్రీలే వంచాలని ఎక్కడా లేదు. 25 డిగ్రీలు వంచుతుంది, 30 వంచుతుంది, 40 దాటి కూడా వంచుతుంది. అలాంటప్పుడు సూర్యుడి చుట్టూ మసకమసకగా వెలుగు పరుచుకోవాలి గదా, గీత గీసినట్టు వలయం ఎందుకు పడుతోంది? ఈ ఒక్క ప్రశ్నను ఓపిగ్గా విప్పితే, మంచు వల్ల ఆకాశంలో కనిపించే మిగతా వింతల్లో చాలావాటికి దారి దొరుకుతుంది.

ముందు మేఘం సంగతి. ఈ వలయాన్ని పుట్టించేవి మనకు తెలిసిన నల్లటి వాన మేఘాలు కావు. నేలకు ఆరేడు కిలోమీటర్ల పైన, ఉష్ణమండలంలో అయితే ఇంకా ఎత్తున, పల్చటి పొరగా పరుచుకునే సిర్రోస్ట్రాటస్ మేఘాలు. ఇవి కమ్ముకున్నా నేల మీద మన నీడ స్పష్టంగానే పడుతుంది. ఆకాశం కాస్త పాలిపోయినట్టు అనిపిస్తుందే తప్ప మేఘం పట్టిందని చాలామందికి తెలియను కూడా తెలియదు. కింద ఎండ మాడ్చేస్తున్నా, అంత ఎత్తున ఉష్ణోగ్రత సున్నాకు ఇరవై, ముప్ఫై డిగ్రీల దిగువన, ఒక్కోసారి ఇంకా తక్కువగా ఉంటుంది. అందుకే నడివేసవిలోనూ, నేల మీద మంచు ఎన్నడూ పడని ప్రాంతాల్లోనూ ఈ వలయాలు కనిపిస్తాయి.

ఆ పొరలో ఉండేవి కంటికి ఆనీ ఆనని మంచు ముక్కలు. నీరు గడ్డకట్టేటప్పుడు ఒక్కో అణువు చుట్టూ ఉన్న నాలుగు అణువులతో బంధం కలుపుకొని ఆరు మూలల అల్లికగా సర్దుకుంటుంది. ఆ అల్లిక పెరుగుతూ పోతే బయటికి కనిపించేది ఆరు పక్కల పట్టకం. అది పొట్టిగా, బల్లపరుపుగా పెరిగితే ఆరు మూలల బిళ్ల అవుతుంది. పొడుగ్గా పెరిగితే ఆరు పక్కల కడ్డీ అవుతుంది. ఏది ఎప్పుడు పెరుగుతుందో నిర్ణయించేది అక్కడి చలి, గాలిలోని తేమ. జపాన్ భౌతిక శాస్త్రవేత్త ఉకిచిరో నకాయా 1930లలో హొక్కైడోలో మంచు స్ఫటికాలను ప్రయోగశాలలోనే పెంచి ఈ సంగతి తేల్చాడు. ఫొటోల్లో ముచ్చటగా కనిపించే కొమ్మలు కొమ్మలుగా విచ్చుకున్న మంచు పూలున్నాయే, వాటితో మనకు పెద్దగా పనిలేదు. నున్నటి ముఖాలున్న సాదాసీదా బిళ్లలు, కడ్డీలే వలయాలను కడతాయి.

ఇప్పుడు ఒక కడ్డీని నిలబెట్టి పైనుంచి చూస్తున్నాం అనుకుందాం. దాని పక్క ముఖాలకు వరసగా ఒకటి నుంచి ఆరు దాకా నంబర్లు వేద్దాం. సూర్యకిరణం ఒకటో ముఖంలోంచి లోపలికి దూరింది. ఎటునుంచి బయటపడుతుంది?

నాలుగో ముఖం ఒకటో ముఖానికి సరిగ్గా ఎదురుగా, సమాంతరంగా ఉంది. అటునుంచి బయటికొచ్చిన కిరణం మళ్లీ తన పాత దారిలోనే సాగుతుంది. కాస్త పక్కకు జరుగుతుంది గానీ దిశ మారదు. కాబట్టి వలయానికి దానివల్ల ఒరిగేది ఏమీ లేదు. పక్కనే ఉన్న రెండో ముఖం, ఆరో ముఖం సంగతి చూద్దాం. వీటికీ ఒకటో ముఖానికీ మధ్య కోణం 120 డిగ్రీలు. లోపలికి వచ్చిన కిరణం ఆ ముఖాల మీద మరీ ఏటవాలుగా పడుతుంది. మంచులోంచి గాలిలోకి రావాలంటే కిరణం ముఖపు లంబానికి సుమారు 50 డిగ్రీల లోపే ఉండాలి, అది దాటితే సంపూర్ణాంతర పరావర్తనం జరిగి వెలుగంతా మళ్లీ లోపలికే తిరుగుతుంది. ఇక్కడ ప్రతిసారీ జరిగేది అదే. ఆ రెండు తలుపులూ ఎప్పటికీ మూసే ఉంటాయి. ఇక మిగిలినవి మూడు, ఐదు. ఒకటో ముఖాన్నీ మూడో ముఖాన్నీ అలాగే పొడిగిస్తే రెండూ 60 డిగ్రీల దగ్గర కలుస్తాయి. అంటే ఆరు పక్కల మంచు కడ్డీ ఈ కిరణానికి స్కూల్లో మనం చూసిన 60 డిగ్రీల గాజు పట్టకంలాగే పనిచేస్తుంది. గాజు బదులు మంచు, అంతే తేడా.

మంచు వక్రీభవన గుణకం, అంటే అది వెలుగును ఎంతగా వంచుతుందో చెప్పే అంకె, సుమారు 1.31. ఈ ఒక్క అంకె చేతిలో ఉంటే మిగతా లెక్క కాగితం మీద ఎవరైనా చేసుకోవచ్చు. కిరణం ఒకటో ముఖం మీద 20 డిగ్రీల కోణంలో పడితే, బయటికొచ్చేసరికి దాని దిశ 27.5 డిగ్రీలు మారి ఉంటుంది. 30 డిగ్రీలతో పడితే మార్పు 23కు తగ్గుతుంది. 35తో పడితే 22.1. సుమారు 41 డిగ్రీలతో పడినప్పుడు 21.8. అక్కడినుంచి మళ్లీ పెరగడం మొదలవుతుంది: 50 దగ్గర 22.5, 70 దగ్గర 28.7. గమనించాల్సింది ఇదే. పడే కోణం 30 నుంచి 50కి, అంటే ఏకంగా ఇరవై డిగ్రీలు మారినా, బయటికొచ్చే కిరణం దిశలో తేడా ఒకటిన్నర డిగ్రీ కూడా రాలేదు. ఊగే ఉయ్యాల నడిమధ్యలో వేగంగా దూసుకుపోయి, కొసకు చేరి వెనక్కి తిరిగేచోట ఎక్కువసేపు ఉన్నట్టు, ఈ కిరణాలు కూడా తిరుగుడు ఉన్నచోటే ఎక్కువగా పోగుపడతాయి. ఆ తిరుగుడు 21.8 డిగ్రీల దగ్గర ఉంది. దీన్నే కనిష్ఠ విచలనం అంటారు.

మేఘంలో కోట్లాది ముక్కలు అన్ని దిక్కులకూ తిరిగి ఉంటాయి. ఏది ఎలా ఉన్నా సరే, ఈ దారిలో వచ్చిన వెలుగు 21.8 కంటే తక్కువ వంగడం అసాధ్యం. ఎక్కువ వంగడం సాధ్యమే గానీ, అలా వంగినది పల్చగా చెదిరిపోతుంది. కాబట్టి సూర్యుడి నుంచి 22 డిగ్రీల దూరంలో ఒక కాంతి గీత, దాని బయట నెమ్మదిగా మసకబారే వెలుగు, దాని లోపల కాస్త నల్లబడ్డ ఆకాశం కనిపిస్తాయి. వలయం లోపలి భాగం బయటి భాగం కంటే ముదురుగా ఉండడం చాలామంది గమనించరు. నా దృష్టిలో వలయం కంటే గొప్ప సాక్ష్యం ఆ లోపలి నలుపే. వెలుగు ఇంతకంటే తక్కువ వంగలేదు అని ఆకాశం తనే చూపిస్తున్నట్టు లెక్క.

రంగుల కథ కూడా ఇందులోనే ఉంది. ఎరుపుకు మంచు వక్రీభవన గుణకం కొంచెం తక్కువ, ఊదాకు కొంచెం ఎక్కువ. అందువల్ల ఎరుపు 21.6 డిగ్రీల దగ్గరే పోగుపడితే ఊదా సుమారు 22.4 దగ్గర పోగుపడుతుంది. లోపలి అంచు దగ్గర ఎరుపు తప్ప ఇంకో రంగు రాలేదు కాబట్టి ఆ అంచు ఎర్రగా, కచ్చితంగా కనిపిస్తుంది. బయటికి పోయేకొద్దీ ఎక్కువ వంగిన ఎరుపు వెలుగు, పసుపు వెలుగు వచ్చి నీలం మీద పడి కలిసిపోతాయి. అందుకని బయటి అంచు తెల్లగా తేలిపోతుంది. సూర్యబింబం కూడా చుక్కలా కాకుండా అర డిగ్రీ వెడల్పున ఉండడంతో ఉన్న రంగులు ఇంకాస్త అలుక్కుపోతాయి. ఇంద్రధనస్సు సంగతి దీనికి భిన్నం. అది సూర్యుడికి ఎదురు దిక్కున, నీటి బొట్ల వల్ల వస్తుంది, అందులో ఎరుపు బయట ఉంటుంది.

వలయాన్ని కొలవడానికి పరికరం అక్కర్లేదు. చేయి బారుగా చాచి జాన విప్పితే బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస దాకా సుమారు 20 నుంచి 22 డిగ్రీలు ఉంటుంది. బొటనవేలితో సూర్యుణ్ణి కప్పితే వలయం చిటికెన వేలి కొసల్లో పడాలి. అయితే సూర్యుణ్ణి నేరుగా ఎప్పుడూ చూడకూడదు. ఒక గోడ మూలకో, స్తంభానికో చాటుగా నిలబడి సూర్యుడు పూర్తిగా కనబడకుండా చేసుకున్నాకే పైకి చూడాలి. కెమెరాలోంచి చూసినా ఇదే జాగ్రత్త. చంద్రుడి చుట్టూ కట్టే గుడితో ఈ బాధ లేదు. దాని కొలత కూడా అచ్చంగా ఇంతే, వెలుగు తక్కువ కాబట్టి రంగులు కంటికి ఆనవు.

ఇంకో తలుపు మిగిలింది. కిరణం పక్క ముఖంలోంచి దూరి కడ్డీ చివరి ముఖంలోంచి బయటికి రావచ్చు. అక్కడి కోణం 90 డిగ్రీలు. అదే లెక్క వేస్తే కనిష్ఠ విచలనం 46 డిగ్రీలు వస్తుంది. ఆ కొలతలో కూడా వలయం ఉంది గానీ, చాలా పెద్దది, చాలా మసక, అరుదు. చూశామని చెప్పేవాళ్లలో చాలామంది చూసింది వేరే చాపాలను.

ఇప్పటిదాకా స్ఫటికాలు అన్ని దిక్కులకూ చిందరవందరగా తిరిగి ఉన్నాయనుకున్నాం. మరీ చిన్న ముక్కల విషయంలోనూ, ఒకదానికొకటి అతుక్కుపోయిన గుత్తుల విషయంలోనూ అది నిజమే. కానీ కాస్త పెరిగిన బిళ్ల గాలిలో కిందికి జారేటప్పుడు ఎలా పడితే అలా పడదు. గాలి నిరోధం దాన్ని తిప్పి తిప్పి, వెడల్పాటి ముఖం నేలకు సమాంతరంగా ఉండేలా నిలబెడుతుంది. కడ్డీ అయితే పొడవు భాగం అడ్డంగా ఉండేలా పడుకొని దిగుతుంది. ఆకాశంలో అసలు వైవిధ్యం మొదలయ్యేది ఇక్కడే. స్ఫటికం అదే, పట్టకం అదే, గుణకం అదే. మారినదల్లా అది పడే తీరు.

బిళ్లలన్నీ బల్లపరుపుగా పడుతున్నాయంటే వాటి పక్క ముఖాలన్నీ నిలువుగా ఉన్నట్టే. నిలువు ముఖాల పట్టకం వెలుగును పక్కలకే వంచగలదు, పైకో కిందికో వంచలేదు. కాబట్టి వలయం మొత్తం పడకుండా సూర్యుడికి ఎడమ, కుడి పక్కల, అదే ఎత్తులో, రెండు ప్రకాశమైన మచ్చలు మాత్రమే పడతాయి. వీటినే ఉపసూర్యులు అంటారు, ఇంగ్లీషువాళ్లు సన్ డాగ్స్ అంటారు. సూర్యుడి వైపు అంచు ఎర్రగా, అవతలి వైపు తెల్లటి తోకతో ఉంటాయి. సూర్యుడు దిగ్మండలం మీద ఉన్నప్పుడు ఇవి సరిగ్గా 22 డిగ్రీల దగ్గర, వలయం మీదే కూర్చుంటాయి. సూర్యుడు పైకెక్కేకొద్దీ కిరణాలు పట్టకంలోంచి ఏటవాలుగా పోవాల్సి వస్తుంది, దాంతో వంపు పెరిగి మచ్చలు వలయం దాటి బయటికి జరుగుతాయి. సూర్యుడు 30 డిగ్రీల ఎత్తున ఉంటే అవి 25 డిగ్రీల దూరంలో, 40 డిగ్రీల ఎత్తున ఉంటే సుమారు 27.5 డిగ్రీల దూరంలో ఉంటాయి. 61 డిగ్రీలు దాటితే అసలు ఏర్పడవు. మధ్యాహ్నం నడినెత్తిన సూర్యుడున్నప్పుడు ఎంత వెతికినా ఇవి దొరకకపోవడానికి కారణం అదే. ఉదయం, సాయంత్రం వెతకాలి.

అదే బిళ్ల పైముఖంలోంచి వెలుగు దూరి నిలువు పక్క ముఖంలోంచి బయటికొస్తే, నడినెత్తి చుట్టూ ఒక చాపం ఏర్పడుతుంది. తలెత్తి నేరుగా పైకి చూస్తే తప్ప కనిపించదు కాబట్టి చాలామంది దీన్ని జీవితంలో ఒక్కసారి కూడా చూడరు. నాకు మాత్రం మంచు స్ఫటికాలు చేసే పనులన్నిటిలో ఇదే ఇష్టం. 22 డిగ్రీల వలయంలోలాగా ఇక్కడ రంగులు ఒకదాని మీద ఒకటి పడవు, అందుకని ఇంద్రధనస్సు కంటే శుభ్రంగా విడిపోయి కనిపిస్తాయి. దీనికో షరతు ఉంది. సూర్యుడు 32 డిగ్రీల కంటే తక్కువ ఎత్తున ఉండాలి. అంతకంటే పైకెళితే లోపలికి వచ్చిన కిరణం పక్క ముఖం మీద మరీ ఏటవాలుగా పడి, ముందు చెప్పినట్టే, మళ్లీ లోపలికి తిరిగిపోతుంది.

దీన్ని తిరగేస్తే ఇంకోటి వస్తుంది. పక్క ముఖంలోంచి దూరి అడుగు ముఖంలోంచి బయటపడిన వెలుగు, సూర్యుడికి చాలా దిగువన, దిగ్మండలానికి సమాంతరంగా రంగుల పట్టీ పరుస్తుంది. దీనికి సూర్యుడు 58 డిగ్రీల కంటే ఎత్తున ఉండాలి. ఇంటర్నెట్లో "ఫైర్ రెయిన్‌బో" పేరుతో తిరిగే ఫొటోల్లో చాలావరకు ఇదే. నిప్పుతోనూ దీనికి సంబంధం లేదు, వానతోనూ లేదు. భూమధ్యరేఖకు దగ్గర ప్రాంతాల్లో సూర్యుడు ఏడాదిలో చాలా రోజులు అంత ఎత్తుకు వస్తాడు. ఉత్తర ఐరోపాలో 56 డిగ్రీల అక్షాంశం దాటితే ఏ రోజునా అంత ఎత్తుకు రాడు, కాబట్టి స్టాక్‌హోమ్‌లో నిలబడి దీన్ని చూడడం కుదరదు.

అడ్డంగా పడుకొని దిగే కడ్డీలు వలయం నెత్తిన ఒక వంపు చాపాన్ని అంటిస్తాయి. సూర్యుడు కిందున్నప్పుడు దాని రెక్కలు పైకి విచ్చుకొని ఉంటాయి. సూర్యుడు ఎక్కేకొద్దీ రెక్కలు కిందికి వాలి, ముప్ఫై డిగ్రీల ఎత్తు చేరేసరికి అడుగున ఉన్న మరో చాపంతో కలిసి వలయం చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో ఇంకో చుట్టు కడతాయి. అరుదుగా కొన్ని కడ్డీలు పడుకోవడంతో ఆగకుండా రెండు పక్క ముఖాలను కూడా నేలకు సమాంతరంగా పట్టుకొని దిగుతాయి. అప్పుడు వచ్చే చాపానికి విలియం ఎడ్వర్డ్ ప్యారీ పేరు పెట్టారు. ఆర్కిటిక్ సముద్ర మార్గం వెతుక్కుంటూ వెళ్లి, 1820లో మెల్విల్ దీవి దగ్గర మంచులో ఓడలు చిక్కుకొని ఉండగా ఆయన దాన్ని చూసి బొమ్మ గీసి పెట్టాడు.

వంగకుండా తళుక్కున పరావర్తనమై వచ్చే వెలుగు కూడా ఉంది. దానికి రంగులు ఉండవు, వెలుగు ఇచ్చే దీపం రంగే దాని రంగు. సూర్యుడు దిగ్మండలం దగ్గర ఉన్నప్పుడు, కొద్దికొద్దిగా ఊగుతూ దిగే బిళ్లల ముఖాల నుంచి వెలుగు మన వైపు తిరిగి సూర్యుడి పైన నిలువు కాంతి స్తంభంలా నిలబడుతుంది. చలి బాగా ఉన్న ఊళ్లలో స్ఫటికాలు నేలకు దగ్గరగానే తేలుతుంటాయి. అప్పుడు రాత్రిపూట వీధి దీపాల మీద కూడా ఇలాంటి స్తంభాలు లేస్తాయి. విమానంలో కిటికీ పక్క సీటు దొరికితే సూర్యుడున్న వైపు కిందికి చూడాలి. దిగువ మేఘం మీద విమానంతో పాటే పరుగెత్తే తెల్లటి మచ్చ కనిపించవచ్చు. అది బల్లపరుపు బిళ్లల అద్దంలో పడ్డ సూర్యుడు.

మనుషులు వీటిని ఎప్పటినుంచో చూస్తూనే ఉన్నారు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో పరివేషానికి, అంటే ఈ వలయానికి, ఒక అధ్యాయం, ప్రతిసూర్యుడికి, అంటే ఉపసూర్యుడికి, ఇంకొకటి కేటాయించాడు. అందులో కారణం కంటే ఫలితం మీదే దృష్టి ఎక్కువ. 1461లో ఇంగ్లండులో మార్టిమర్స్ క్రాస్ యుద్ధం ముందు మూడు సూర్యులు కనిపిస్తే, తర్వాత రాజైన ఎడ్వర్డ్ దాన్ని విజయ సూచనగా తన సైన్యానికి చెప్పుకున్నాడు. 1535 ఏప్రిల్ 20న స్టాక్‌హోమ్ నగరం మీద కనిపించిన వలయాలను బొమ్మగా వేయించారు. ఆ అసలు బొమ్మ పోయింది, 1636లో వేసిన నకలు అక్కడి పెద్ద చర్చిలో ఇప్పటికీ ఉంది. సూచనల నుంచి కారణాల వైపు మళ్లిన ఘటన 1629లో రోమ్‌లో జరిగింది. అక్కడ కనిపించిన ఉపసూర్యుల వర్ణన చేతికి రాగానే ఫ్రెంచి తత్వవేత్త దెకార్త్ తన చేతిలో ఉన్న పని పక్కన పెట్టి వాతావరణ వింతల మీద పడ్డాడు. ఆ రచన 1637లో వచ్చింది. 60 డిగ్రీల మంచు పట్టకమే 22 డిగ్రీల వలయానికి కారణమని అదే శతాబ్దంలో ఫ్రాన్స్‌కే చెందిన ఎడ్మ్ మారియట్ తేల్చాడు. 1790లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో టోబియాస్ లోవిట్జ్ గీసిన చిత్రంలోని కొన్ని చాపాల మీద మాత్రం శాస్త్రవేత్తలు చాలాకాలం వాదించుకున్నారు. కంప్యూటర్లు వచ్చాక పని తేలికైంది. ఒక ఆకారం, అది పడే తీరు ఇచ్చి, లక్షల కిరణాలను లెక్కలోకి పంపితే ఆకాశం ఎలా ఉండాలో తెర మీద కనిపిస్తుంది. దాన్ని ఫొటో పక్కన పెట్టి పోల్చుకోవడమే.

గుడి కడితే వాన పడుతుందా? కొంత నిజముంది. సమశీతోష్ణ ప్రాంతాల్లో వెచ్చటి గాలి చల్లటి గాలి మీదికి ఎగబాకుతూ వచ్చేటప్పుడు అన్నిటికంటే ముందు చేరేది సిర్రోస్ట్రాటస్ పొరే. దాని వెనక దట్టమైన మేఘాలు, మరునాటికో ఆ మర్నాటికో వాన రావచ్చు. ఉష్ణమండలంలో మాత్రం అదే పొర ఎక్కడో దూరంగా కురిసిన ఉరుముల మేఘం నెత్తి నుంచి కొట్టుకొచ్చి ఉండొచ్చు. కాబట్టి మేఘాలు అలా చిక్కబడుతూ పోతున్నాయా లేదా అన్నది చూడకుండా వలయాన్ని మాత్రమే నమ్ముకోకూడదు.

చంద్రుడికి ఆనుకొని, నాలుగైదు డిగ్రీల లోపే కనిపించే చిన్న రంగుల వలయాన్ని కూడా చాలామంది ఇదే అనుకుంటారు. అది వేరు. అది సాధారణంగా సన్నటి నీటి బొట్ల చుట్టూ వెలుగు వివర్తనం చెందడం, అంటే వాటి అంచుల దగ్గర వంగి పరుచుకోవడం వల్ల వస్తుంది, దాన్ని కరోనా అంటారు. అందులో ఎరుపు బయటి అంచున ఉంటుంది, బొట్ల సైజును బట్టి వలయం పెద్దదో చిన్నదో అవుతుంది. మంచు వలయానికి ఆ స్వేచ్ఛ లేదు. స్ఫటికం పెద్దదైనా చిన్నదైనా దాని కోణాలు మారవు కాబట్టి, ఏ దేశంలో చూసినా, ఏ శతాబ్దంలో చూసినా 22 డిగ్రీలే. కొలత తప్పిందంటే స్ఫటికమే వేరన్నమాట. అరుదుగా 9, 18, 24 డిగ్రీల దగ్గర వలయాలు పడతాయి. పైకెక్కి చూడకుండానే అక్కడి స్ఫటికాల కొసలు గోపురంలా ఏటవాలుగా పెరిగాయని వాటిని బట్టి చెప్పేయవచ్చు.

ఈ ఉపాయం భూమికే పరిమితం కాలేదు. 2021 డిసెంబర్ 15న అంగారకుడి మీద పర్సివరెన్స్ రోవర్ తీసిన ఫొటోల్లో సూర్యుడి చుట్టూ వలయం కనిపించింది. మొదట కెమెరాలో పడ్డ అనవసరపు వెలుగేమో, గాలిలోని ధూళేమో అని అనుమానించారు. కానీ కొలిస్తే 22 డిగ్రీలే వచ్చింది. అంగారకుడి మీద కార్బన్ డయాక్సైడ్ కూడా గడ్డకట్టి మేఘాలు కడుతుంది, అయితే దాని స్ఫటికాల ఆకారం వేరు, వక్రీభవన గుణకం వేరు, కాబట్టి వలయం ఇంకో కొలతలో పడి ఉండేది. ఆ రోజు అక్కడ తేలుతున్నవి నీటి మంచు స్ఫటికాలే.